కల్లముల కాలమున ఏడాది వెచ్చములు

సంక్రాంతి వెళ్లి కందికట్టెలు కల్లములకు చేరు దినములలో ఏ పల్లెకు పోయినను ఒకే వీధిలో రెండు దృశ్యములు కానవచ్చును. ఒక ఇంటి వాకిట కందుల బస్తా దింపుకొని, ఇల్లాలు చాటతో చెరుగుచు, తాలును మట్టిబెడ్డలను వేరుచేయుచుండును. ఆ ఇంట మరల వచ్చు పండుగ వరకు కందిపప్పు కొనవలసిన పని లేదు. నాలుగు గడపల అవతల, కూలి పనినుండి వచ్చిన మరియొక ఇల్లాలు పొయ్యి రాజేసి, పిల్లవాని చేతికి డబ్బులిచ్చి, "నాయనా, పప్పు పొట్లమొకటి, నూనె చిన్న పాకెట్టొకటి పట్టుకురా" అని కొట్టునకు పంపును.

రెండిండ్లలోను ఆ పూట ఉడికినది కందిపప్పే. కాని కిలో ఒక్కంటికి రెండవ ఇంటివారు చెల్లించిన వెల మొదటి ఇంటివారు చెల్లించిన దానికంటె హెచ్చు. చేతిలో డబ్బు తక్కువగా నున్నవారే సరుకునకు ఎక్కువ వెల ఇచ్చుట వింతగా తోచవచ్చును. అయినను ఇది నిత్యము మన కన్నుల యెదుట జరుగుచున్న సంగతియే. దీనికి కారణమేమి, దీనిని కొంతవరకైనను తగ్గించుటకు గ్రామపంచాయతీ సభ్యులు ఏమి చేయగలరు అనునది ఈ వ్యాసమున చెప్పదలచిన విషయము.

చిల్లర కొట్టువాడు అన్యాయము చేయుచున్నాడని వెంటనే తీర్మానింపరాదు. అతడు పట్టణమునుండి బస్తా తెచ్చి, బండి కిరాయి, హమాలీ కూలి ఇచ్చి, పావుకిలో పొట్లములుగా కట్టి, తరుగు భరించి, సగము సరుకును అరువునకిచ్చి, ఆ అరువు ఎప్పుడు వసూలగునో తెలియక కూర్చుండును. ఈ ఖర్చులన్నియు పొట్లము వెలలో చేరును. ఇక కల్లమునుండి కొట్టు వరకు సరుకు చేతులు మారినప్పుడెల్ల ఒక్కొక్కరు తమ లాభమును కలుపుకొందురు. మన ఊరిచేలలో పండిన కందియే మార్కెట్టు యార్డునకు పోయి, పప్పుమిల్లు చేరి, టోకు వర్తకుని గిడ్డంగి మీదుగా తిరిగి మన ఊరి కొట్టునకే వచ్చుట కలదు. ఈ ప్రయాణమునకైన ఖర్చు తినువాడే పెట్టుకొనవలెను గదా!

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. ఏ దినుసును ఏ నెలలో ఇంటికి చేర్చవలెనో వారు పంచాంగము చూచినట్లు చెప్పెడివారు. సార్వా వడ్లు మార్గశిర పుష్యములలో, కందులు పుష్య మాఘములలో, కృష్ణా గోదావరి తీరములందు వరికోత పిమ్మట చల్లిన మినుములును పెసలును మాఘ ఫాల్గుణములలో, చింతపండు ఫాల్గుణములో, ఎండుమిరపకాయ ఫాల్గుణ చైత్రములలో, పసుపు ఇంచుమించు ఆ కాలముననే. బెల్లము గానుగలు ఆడు శీతకాలమున. ఎండలు ముదురునప్పటికి ఇంట గాదె, జాడీలు, కాగులు నిండియుండెడివి. వానకాలమున కూలి పనులు సన్నగిల్లి, బాటలు బురదలై, ధరలు పెరుగువేళకు ఇంట గింజ ఉండవలెనన్నది వారి ఆలోచన.

అయితే నేడు అన్ని దినుసులను అట్లు కొనవలెనని చెప్పుట సరికాదు. బియ్యము సంగతి చూడుడు. తెల్లకార్డు గల కుటుంబములకు చౌకధరల దుకాణముద్వారా నెలనెలా బియ్యము అందుచున్నవి. ఆ పైన కావలసినవి మాత్రమే కొనవలసియుండును. కొనువారు బియ్యముగాగాక వడ్లుగా కొని ఉంచుకొనుట మేలు. ఊక గింజకు కవచము వంటిది. వడ్లు పురుగుపట్టుట బియ్యమునకంటె తక్కువ. 75 కిలోల వడ్లబస్తా మర పట్టించినచో సుమారు 50 కిలోల బియ్యము వచ్చును. నెలకు కావలసినంత మర పట్టించుకొన్నచో తవుడు పశువులకు దక్కును, బియ్యము పాతబడి అన్నము పొడిపొడిగా వచ్చును. దంపుడు బియ్యమునకు మాత్రము ఈ మాట వర్తింపదు. వానిపై తవుడు పొర నిలిచియుండుటచే అందలి నూనె కొలదివారములలోనే కమటువాసన పట్టును. అవి ఎప్పటికప్పుడు దంచుకొనవలసినవే.

వంటనూనె, పిండి, రవ్వ, వేయించిన పొడులు ఏడాదికి కొనదగినవి కావు. ఉల్లిగడ్డలలో వానకాలపు పంట నిలువ ఆగదు. రబీ పంటను గాలి తగులు తట్టలపై పలుచగా పరచినచో నాలుగైదు నెలలు ఆగును. బెల్లము వానకాలపు తేమకు కారిపోవును గనుక జాడీలో గట్టిగా మూతబెట్టి ఉంచగలవారే ఎక్కువగా కొనవలెను. చింతపండును గింజ, ఈనె తీసి, కొంచెము ఉప్పు చేర్చి అదిమిపెట్టినచో ఏడాది చక్కగా ఉండును. రంగు నల్లబడినను పులుపునకు కొరత రాదు. తక్కిన వానిలో ముఖ్యమైనవి పప్పుధాన్యములు, మిరపకాయ, పసుపు. అందును పప్పుధాన్యములే ప్రధానము. ధర హెచ్చుతగ్గులు వానికి ఎక్కువ, పురుగు భయమును వానికే ఎక్కువ. కాబట్టి లాభనష్టముల లెక్కను కందిపప్పుతోనే చూతము.

ఈ దిగువ ధరలు లెక్క తెలియుటకై అనుకొన్నవే గాని ఏ బజారు ధరలును కావు. ఒక కుటుంబము నెలకు 4 కిలోల చొప్పున ఏడాదికి 48 కిలోల కందిపప్పు వాడునని అనుకొందము. పంట కాలమున కొన్నచో కిలో 120 రూపాయలు. ఏడాది పొడుగున కొద్దికొద్దిగా కొన్నచో సగటున 145 రూపాయలు. ఒకసారి కొన్నవారికి 5,760 రూపాయలు, విడివిడిగా కొన్నవారికి 6,960 రూపాయలు అగును. భేదము 1,200 రూపాయలు. ఇంతవరకు అందరును చెప్పుదురు. ఇక్కడ ఆగిపోవుటే పొరపాటు.

ఆ 5,760 రూపాయలు ఆ కుటుంబమునకు ఎక్కడివి? నెలకు నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చి, ఏడాది చివర ఒకేసారి తీర్చినచో వడ్డీ 1,382 రూపాయలగును. అనగా చౌకగా కొన్నందుకు మిగిలినదంతయు పోయి, పైగా 182 రూపాయలు చేతినుండి పడును. అదే మొత్తమును పొదుపు సంఘమునుండి నూటికి 1 రూపాయి వడ్డీకి తీసికొని, నెలకు 480 రూపాయల చొప్పున 12 వాయిదాలలో తీర్చినచో వడ్డీ 374 రూపాయలే. మిగులు 826 రూపాయలు. ఇందుండి పురుగు నష్టమును తీసివేయవలెను. నూటికి 5 పాళ్లు చెడినను 348 రూపాయల సరుకు పోయినట్లు. అప్పటికిని 478 రూపాయలు మిగులును. కాని అయిదవ వంతు పుచ్చిపోయినదనుకొనుడు: 1,392 రూపాయల పప్పు మట్టిపాలు. కొనకుండ ఉండినవాడే సుఖపడినట్లగును.

కనుక ఒక్కుమ్మడి కొనుగోలులో లాభము బజారులో బేరము వద్ద నిర్ణయమగుటలేదు. తెచ్చిన డబ్బుకు వడ్డీ ఎంత, తెచ్చిన గింజకు కాపుదల ఎట్టిది అను రెండింటివద్దనే నిర్ణయమగుచున్నది. ధర ప్రతియేడును పెరిగితీరునను నమ్మకమును కూడదు. 2015 చివర కందిపప్పు కిలో 200 రూపాయల చేరువకు పోయినది. ఆ మరుసటి ఏడు రైతులు విస్తారముగా కంది వేయగా, పంట విరగపండి, 2017 ఆరంభమునకు కందుల ధర మద్దతుధర కంటె దిగువకు జారినది. విదేశములనుండి వచ్చు కంది కూడ మన బజారు ధరను పైకి క్రిందికి లాగుచుండును. అందుచే ఇంటివాడుకకు మించి, ధర పెరిగిన పిమ్మట అమ్ముకొందమను ఆశతో కొనుట వేరు వ్యాపారము. ఆ సాహసము కూలివారి డబ్బుతో చేయించరాదు.

కాపుదల విషయమున ఈ వ్యాసకర్త అనుభవమొకటి చెప్పుట తప్పు కాదనుకొందును. గ్రామములలో ధాన్యపు నిలువలను గూర్చి ఉపన్యాసములిచ్చుచు తిరుగు దినములలోనే, మా ఇంటికి ఒక బస్తా కందులు కొంటిని. చూచుటకు నిగనిగలాడుచుండెను. బస్తాను అట్లే గోడకానించి, పైన వేపరెబ్బలు నాలుగు పడవైచి, పని అయినదనుకొంటిని. రెండు నెలలకు మా ఇల్లాలు విసరుటకై మూతి విప్పగా, బస్తానుండి బూడిదవంటి పొడి రాలినది. గింజ గింజకును గుండ్రని చిల్లి. ఆమె ఒక్క మాటయు అనక, చాటెడు గింజలు తెచ్చి నా ఉపన్యాసపు కాగితములమీద పోసినది.

పొరపాటెచ్చట? పప్పుగింజల పెంకుపురుగు ఇంటిలో పుట్టునది కాదు. పంట చేలలో ఉండగనే అది కాయలపై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు, పిల్లపురుగులు గింజలతోపాటే మన ఇంటికి వచ్చును. తెల్లని చుక్కలవలె గింజకు అంటుకొనియుండు ఆ గ్రుడ్లు పరికించి చూచువారికే తెలియును. వెచ్చని దినములలో ఇంచుమించు ఒక నెలకు ఒక తరము పూర్తియగును. ఒక్కొక్క ఆడపురుగు పదుల సంఖ్యలో గ్రుడ్లు పెట్టును. మొదటి నెల ఏమియు కానరాదు, రెండవ నెలలో అక్కడక్కడ చిల్లులు, మూడవ నెలకు బస్తా నుసి. కాబట్టి మొదటి నెలలో చేయు పనియే పని.

ఆ పని ఏదియో ఇండ్లలోని పెద్దవారికి తెలియును గాని, తొందరలో వదలివేయుచున్నాము. గింజను మంచి ఎండలో పట్టాపై పలుచగా పోసి, రెండు మూడు దినములు కలయబెట్టుచు ఎండించవలెను. పంటికింద కొరికినచో టక్కున విరుగవలెను, మెత్తగా నలుగరాదు. సందేహమున్నచో ఒక పొడి గాజుసీసాలో కొన్ని గింజలు, కొంచెము పొడియుప్పు వేసి బాగుగా కుదిపి కొంతసేపుంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో గింజలో తడి ఉన్నట్లే. వడ్లకు నిలువయందు తేమ నూటికి 12, 13 పాళ్లకు మించరాదు; పప్పుగింజలకు అంతకంటెను తక్కువ ఉండుట మేలు. ఎండిన గింజను వేడివేడిగా డబ్బాలో పోయరాదు. లోపల చెమటపట్టి బూజునకు దారియగును; చల్లార్చి, జల్లించి, ఆపైన పోయవలెను.

కందులు, పెసలు, మినుములు ఏడాది ఉంచదలచినవారు కిలోకు ఒక చెంచాడు, అనగా సుమారు 5 మిల్లీలీటర్ల, ఆముదమో వేరుసెనగ నూనెయో పట్టించి చేతులతో రుద్దుట మంచిది. నూనె పూత మీద పెట్టిన గ్రుడ్లు పొదుగవు. కందులను ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి, విసరి పప్పుగా చేసి ఉంచుకొనుట మన పల్లెల పాత మార్గము. ఆ పెంకుపురుగు పూర్తి గింజలో పెరిగినట్లు బద్దలో పెరుగజాలదు గనుక ఆ మార్గము నేటికిని నిలువదగినదే. కుండలో గింజపోసి పైన అర జానెడు మందమున పొడియిసుక పరచుట కూడ ఉపయోగించును. ఏలయన లోపలి పురుగు పైకి రాలేదు, బయటి పురుగు లోనికి పోలేదు. వేపాకు నీడనెండినదైనచో కొంత సాయము చేయునుగాని, ఒక్క వేపాకుమీదనే భారము వేసినవారి గతి పైన చెప్పియే యున్నాను.

పాత గోనెలను మరిగిన నీట ముంచి, ఎండబెట్టి వాడవలెను. బస్తాలను నేలపై నేరుగా పెట్టక చెక్కబల్లపైనుంచి, గోడకు అడుగెడు దూరముగా ఉంచవలెను. ఒకే పెద్ద డబ్బాకంటె నాలుగు చిన్న డబ్బాలు నయము. ఒకటి విప్పినప్పుడు తక్కిన మూడును మూసియే యుండును. రేకుతో చేసిన ధాన్యపు కొట్లు, గాలి చొరని మందపు ప్లాస్టిక్ సంచులు నేడు దొరకుచున్నవి. ఆ సంచులలో గాలి ఆడక పురుగు తనంతట చచ్చును, మందు అక్కరలేదు. ఎలుక కొరికినచో సంచికైన ఖర్చు వృథా గనుక గది తలుపు కింది సందు ముందుగా పూడ్చవలెను.

ఇక గ్యాసుబిళ్లల మాట. పురుగుపట్టిన బస్తాలో వేయుటకై కొందరు వానిని తెచ్చి ఇంటిలోనే వాడుచున్నారు. అది అల్యూమినియం ఫాస్ఫైడు. గాలిలోని తేమ తగిలినంతనే ప్రాణాంతకమైన విషవాయువును విడుచును. మనుష్యులు నిద్రించు ఇంటిలో దానిని వాడుట ఏ కారణముచేతను కూడదు. ఇట్టి మరణములు దేశమున పలుచోట్ల జరిగినవి. గిడ్డంగులలో శిక్షణ పొందినవారు వాడవలసిన దానిని వంటింటికి తేనీయకుండుటలో పంచాయతీ సభ్యులు ఒక్క మాట గట్టిగా చెప్పినను మేలగును.

బూజును గూర్చి మరియొక హెచ్చరిక. వేరుసెనగ, మొక్కజొన్న, ఎండుమిరప తడిపై నిలువయుంచినచో ఒక విధమైన బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కాలేయవ్యాధితో మరణించిరి; ఆ ఉపద్రవమును పరిశోధించినవారిలో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు ఉన్నారు. ఉడికించినంత మాత్రమున ఈ విషము పోదు. "కడిగి ఎండబెట్టితిమి గదా, తినవచ్చును" అను మాట వినరాదు. బూజుపట్టినది పొదుపు లెక్కలో నష్టముగా వ్రాసికొని పారవేయవలసినదే. మిరపకాయను మట్టినేలపైగాక పట్టాపై ఆరబోయించి, తొడిమవద్ద మెత్తదనము లేని కాయనే కొనవలెను.

కొనునప్పుడు గింజగా కొనుటలో మరియొక లాభము కలదు. కందిపప్పులో కేసరిపప్పు కలుపు మోసము పాతది. అది ఎక్కువకాలము తిన్నవారికి కాళ్లు చచ్చుబడును. కందిబద్ద గుండ్రముగా నుండును, కేసరిబద్ద ఒకవైపు వాలి మూల తేలియుండును; అయినను కలిసిన పప్పులో గుర్తించుట కష్టము. పూర్తి కందులుగా కొన్నవారికి ఆ చిక్కు తక్కువ. పసుపు కూడ కొమ్ములుగా కొని దంచుకొన్నచో రంగుపొడుల భయముండదు.

ఇంతవరకు చెప్పినది డబ్బున్న ఇంటికి సరిపోవును. కూలివారి ఇంటికి ఏడాది సరుకునకు డబ్బు లేదు, డబ్బున్నను పెట్టుకొనుటకు చోటు లేదు. వారికి మార్గము కలిసి కొనుటయే. ఇది క్రొత్త ఆలోచన కాదు. ఇంగ్లండు దేశమున రాచ్‌డేల్ అను పట్టణమున 28 మంది, వారిలో పెక్కురు నేతపనివారు, తలకు ఒక పౌను చొప్పున కూడబెట్టి 1844 డిసెంబరు 21వ తేదీన చిన్న అంగడి తెరచిరి. అందుంచిన సరుకులు పిండి, ఓట్లపిండి, పంచదార, వెన్న, క్రొవ్వొత్తులు మాత్రమే. కల్తీ లేని సరుకు, సరియైన తూకము, నగదు బేరము వారి నియమములు. అరువు ఇయ్యరాదని వారు పట్టుబట్టిరి.

మన రాష్ట్రమున జరిగినది దీనికి కొంత భిన్నము. 2000 సంవత్సరము మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 'వెలుగు' పేర నడచిన దారిద్ర్య నిర్మూలన కార్యక్రమమున, మహిళల గ్రామసంఘములు బియ్యపు రుణపథకమును చేపట్టినవి. చౌకధరల దుకాణము ఇచ్చుదానికి పైన ఏ ఇంటికి ఎంత కావలెనో ముందుగా వ్రాసికొని, సంఘమువారే మిల్లులకును వర్తకులవద్దకును పోయి నమూనా చూచి, బేరమాడి, మొత్తముగా కొని తెచ్చి పంచిరి. సభ్యులు వెలను వాయిదాలలో చెల్లించిరి. కొన్నిచోట్ల పప్పు, నూనె మొదలగునవి కూడ చేర్చిరి. రాచ్‌డేల్ వారు అరువు వద్దనగా, మనవారు అరువునే ఆధారముగా చేసికొనిరి. ఇది తప్పని నేననుకొనను. కూలి వారమునకొకసారి చేతికందు ఇంటికి నగదు నియమము తలుపు మూసినట్లగును. అయితే ఆ అరువు పొదుపు సంఘపు పుస్తకములో, పదిమంది యెదుట నిలిచినదై ఉండవలెను.

జహీరాబాదు ప్రాంతపు మెట్టపల్లెలలో దక్కను అభివృద్ధి సంఘమువారి ప్రోత్సాహమున 1990 దశాబ్దపు నడుమ మహిళాసంఘములు చేసినది మరియొక మార్గము. బీడుపడిన నేలలను సాగుచేయించుటకు అప్పిచ్చి, ఆ అప్పును జొన్నల రూపమున తీర్పించుకొని, ఆ గింజను ఊరిలోనే నిలువచేసి, పని దొరకని వానకాలపు దినములలో పేదలకు తక్కువ ధరకు ఇచ్చిరి. ఎవరు పేదలో ఊరివారే కూర్చుండి నిర్ణయించిరి. గింజ ఊరు దాటలేదు గనుక లారీ కిరాయి లేదు, దళారి లేడు.

మీ గ్రామమున ఇట్టిది తలపెట్టినచో మొదటి ఏడు ఒకటి రెండు దినుసులకు మించి పోవలదు. అవియు అన్ని ఇండ్లలోను ఒకే రకముగా వాడునవై యుండవలెను. కంది అట్టిది. మిరపకాయలో ఒకరికి కారము, మరియొకరికి రంగు కావలెను, వాదములు పెరుగును. పంటకు నెల ముందుగనే ఇంటింటి అవసరమును వ్రాసికొని, కొంత బయానా పుచ్చుకొనవలెను. బయానా లేని మాట నమ్మి కొన్నచో, ధర తగ్గిన ఏట "మాకు వద్దు" అనువారు మిగులుదురు, గింజ సంఘము నెత్తిన మిగులును. కొనుగోలునకు ఒక్కరిని కాక ముగ్గురిని పంపవలెను. వారిలో ఇంట చాట పట్టి చెరుగు స్త్రీలిద్దరైనను ఉండవలెను. బస్తా పైభాగమున మెరుగు, అడుగున తాలు ఉండుట కలదు గనుక నడుమనుండియు అడుగునుండియు నమూనా తీయించవలెను. సాధ్యమైనంతవరకు మీ ఊరి రైతువద్దనే కొనుడు. అతనికి యార్డు ఖర్చు తప్పును, మీకు కిరాయి తప్పును. ఆ మిగులును ఇద్దరును పంచుకొనవచ్చును.

తూకము సంగతి చెప్పక తప్పదు. మణుగులు, వీసెలు చట్టరీత్యా పోయి కిలోగ్రాములు దేశమంతట అమలునకు వచ్చి 1962 నాటికే పూర్తియైనను, 'బస్తా' అను మాట మాత్రము నేటికిని పలుచోట్ల పలు బరువులకు చెల్లుచున్నది. బస్తా లెక్కన బేరము చేయక, క్వింటాలు లెక్కన చేసి, సంచి బరువు తీసివేసి తూచించుడు. కాటాపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నదో లేదో చూచుటకు ఎవరికిని మొగమాటము ఉండనక్కరలేదు.

సరుకు వచ్చిన దినముననే పంచివేయుట ఉత్తమము. ఇంట చోటులేనివారి భాగమును మాత్రము పంచాయతీ భవనములోనో సహకార సంఘపు గిడ్డంగిలోనో పొడిగది చూచి నిలువయుంచి, నెలనెలా ఇయ్యవచ్చును. ఇక్కడ పంచాయతీ చేయదగిన సాయము గది, కాటా, గ్రామసభలో లెక్క చదివించుట. పంచాయతీ నిధులతో సరుకు కొనవలెనని ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. కొనునది సంఘము, డబ్బు సభ్యులది. ఎక్కువ మొత్తములో నిలువచేయునప్పుడు ఆ ఏట ఆ దినుసుపై నిలువ పరిమితి ఏదైన అమలులో నున్నదేమో మండల పౌరసరఫరాల అధికారిని విచారించి, సభ్యుల జాబితాను పుస్తకములో సిద్ధముగా ఉంచుట మంచిది.

ఊరి కొట్టువాని మాట ఒకటి మిగిలినది. సంఘము కందులు తెచ్చిన దినమున అతడు ముఖము మాడ్చుకొనుట సహజము. కాని జ్వరము వచ్చిన రాత్రి చక్కెర, పనిలేని వారమున ఉప్పు పప్పు అరువిచ్చినవాడు అతడే. కొందరు ఉత్సాహవంతులు "వాని కొట్టు మూయించెదము" అని ప్రగల్భములు పలుకుట నేను విన్నాను. అది అనవసరము, అవివేకము కూడ. సంఘము తెచ్చునది ఒకటి రెండు దినుసులు. తక్కినవన్నియు అతని కొట్టులోనే. అతనిని కూడ సభ్యునిగా చేర్చుకొని, టోకు బేరములో అతని నేర్పును వాడుకొన్న ఊళ్లు లేకపోలేదు. కందుల మంచి చెడ్డలు అతనికి తెలిసినంత మనకు తెలియదు.

బడి మధ్యాహ్న భోజనము, అంగన్‌వాడీ, వసతిగృహము కూడ ఊరిలో ఒక్కుమ్మడిగా సరుకు దింపుకొను చోట్లే. అక్కడ పాత బస్తా వెనుకను, క్రొత్త బస్తా ముందును పడి, పాతది పురుగుపట్టుట తరచుగా జరుగును. ప్రతి బస్తాపైన వచ్చిన తేదీ సుద్దముక్కతో వ్రాయించి, పాత తేదీది ముందు వాడించుట చాలును. దీనికి ఖర్చేమియు లేదు. సభ్యులు నెలకొకసారి ఆ గది తలుపు తీయించి, బస్తాలో చేయిపెట్టి చూడవలెను. లోపల వెచ్చగా తగిలినచో పురుగో తేమయో ఉన్నట్లే. ఆ దినముననే ఎండబోయించవలెను.

కంది కల్లమునకు వచ్చునది పుష్య మాఘములలో. జాబితా వ్రాయుట, బయానా వసూలు, గది పూడ్చి సున్నము వేయించుట, కాటా సరిచూపించుట ఆలోగా కావలసిన పనులు గనుక, ఈ విషయము మార్గశిరమున జరుగు గ్రామసభ కార్యక్రమములో చేరవలెను. గది తాళపుచెవులు రెండు ఉండి, ఒకటి సంఘపు కోశాధికారిణివద్దను, రెండవది నిలువ పుస్తకము వ్రాయువారివద్దను ఉండుట, ఇద్దరును వచ్చినగాని తలుపు తెరువబడకుండుట మొదటినాడే ఏర్పరచుకొనదగినది.